పోయిన వారం హార్మోనియం

మా నాటకంలో రాజు వేషం కట్టినాయన నా హార్మోనియానికి పాడటం లేదన్న అనుమానం నాకు నడి చలికాలంలో మొదలైంది. ఎదురుగా నేను వాయిస్తూనే ఉన్నాను, ఆయన పాడుతూనే ఉన్నాడు. అయినా ఆ పాట నా వేళ్ల దగ్గర్నుంచి కాక ఇంకెక్కడి నుంచో వస్తున్నట్టు ఉండేది. చెబితే నవ్వుతారని ఎవరితోనూ అనలేదు.

అమెరికాలో, మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో మాది చిన్న నాటక బృందం. అందరం ఉద్యోగాలు చేసుకునేవాళ్లమే. ఏటా ఉగాది కార్యక్రమంలో ఒక హాస్యనాటిక వేసి, ఫొటోలు దిగి, ఇళ్లకు పోయేవాళ్లం. ఆ ఏడు అక్క మమ్మల్ని ఊరుకోనివ్వలేదు. అక్క అంటే మా దర్శకురాలు. ఫార్మసిస్టుగా రిటైరైంది. గుంటూరు దగ్గర పెరిగింది. చిన్నప్పుడు పద్యనాటకాలను వేదిక పక్కన నిలబడి చూసిన మనిషి. పూర్తిగా పద్యాలతో, పాటలతో రెండు గంటల సంగీత నాటకం తనే రాసి మా ముందు పెట్టింది. కోట కట్టడానికి కుమ్మరులు మట్టి తవ్వుకునే నేలను లాక్కోవాలని చూసే ఒక రాజు, సభకు వచ్చి అతనితో వాదించే ఒక కుమ్మరి అమ్మాయి. ఇంతే కథ. కానీ మామూలు మాటలు దాదాపు లేవు. తగువు కూడా రాగంలోనే ఆడాలి. మాలో సగం మందికి శ్రుతి అంటే ఏమిటో తెలియదు.

ఎవరో భయపడి, రికార్డు చేసిన ట్రాక్ పెట్టుకుందామా అని అడిగారు. నోరాడించడానికైతే నాటకం ఎందుకు, ఇంట్లో టీవీ చూసుకోండి అంది అక్క. ఆ మాట నాకు బాగా గుర్తుండిపోయింది.

హార్మోనియం నాది. కాకినాడలో మా పిన్ని భజనల కోసం నేర్పింది. ఇక్కడ నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఎవరైనా పని చేస్తోంది అంటే, ఎక్కడ పని చేయడం లేదో వెతకడమే నా పని. మావారు ఒక కార్ల కంపెనీలో పని చేస్తారు. మా నాటకంలో రాజు కూడా అదే కంపెనీలో వేరే విభాగం.

ఆయన్ని మేమంతా రాజుగారనే పిలిచేవాళ్లం. వరంగల్ మనిషి, ఇంజనీరు. కొత్త కార్లను రోడ్ల మీద నడుపుతూ ఏ చప్పుడు ఎక్కడి నుంచి వస్తోందో విని చెప్పడం ఆయన ఉద్యోగం. డాష్‌బోర్డు వెనక ఒక స్క్రూ వదులైనా పట్టేస్తానని సరదాగా చెప్పేవాడు. మొదటి రిహార్సల్లో ఆయన పద్యం ఎత్తుకోగానే అక్క కళ్లు మూసుకుంది. నాలుగున్నర శ్రుతిలో, ఎక్కడా గొంతు పిండకుండా, రాగం తీసి వదిలితే బేస్‌మెంట్ గోడలు మోగినట్టయింది. ఇక నాటకం ఆడినట్టే అనుకున్నాం. ఆయన జుట్టు కూడా పెంచడం మొదలుపెట్టాడు. విగ్గు వద్దు, రాజంటే సొంత జుట్టే ఉండాలి అన్నాడు. ఎంత శ్రద్ధో అని అందరం మెచ్చుకున్నాం.

రిహార్సళ్లు శనివారం మధ్యాహ్నాలు అక్క ఇంటి బేస్‌మెంట్‌లో జరిగేవి. మెట్ల దగ్గర మంచు బూట్లు గుట్టగా పడి ఉండేవి. హీటర్ గాలికి హార్మోనియం చెక్క ఎండిపోయి, వేళ్లతో నొక్కే దాని మెట్లు పట్టేసేవి. ఒక శనివారం రాజుగారు తన ఫోన్ తెచ్చి హార్మోనియం మీద పెట్టి, మొత్తం రికార్డు చేసుకుంటాను, కార్‌లో ప్రాక్టీస్ చేస్తాను అన్నాడు. సరే అన్నాను. ఆ రోజే సభ సీన్‌లో, ఆయన పెద్ద పద్యం నడిమధ్యలో పంచమం మెట్టు కిందికి పోయి మళ్లీ పైకి రాలేదు. గోటితో దాన్ని లేపుతూ, అంతకు ముందున్న స్వరాలనే మళ్లీ తిప్పి వాయిస్తూ కాసేపు నెట్టుకొచ్చాను. రాజుగారు నా వేళ్ల వైపే చూస్తూ ఆగి, మెట్టు లేచాక అందుకున్నాడు.

తర్వాతి వారానికి ఆ మెట్టు బాగు చేయించాను. కానీ ఆయన అదే చోట ఆగాడు. నేను ముందుకు వెళ్లిపోయాను, ఆయన వెనకబడ్డాడు. చెబితే సారీ అన్నాడు. ఆ పై వారం మళ్లీ అక్కడే ఆగాడు. ఈసారి నాకు ఒళ్లు మండింది. నా వాయిద్యాన్ని అందరి ముందు వెక్కిరిస్తున్నాడేమో అనిపించింది.

ఒకసారి అనుమానం వచ్చాక ప్రతిదీ కనబడటం మొదలుపెడుతుంది. పద్యం ఎత్తుకునే ముందు ఆయన ఎప్పుడూ లాల్చీ జేబు తడుముకునేవాడు. ఇదివరకు టీ తాగేటప్పుడు నలుగురినీ నవ్వించే మనిషి, ఇప్పుడు కప్పు పట్టుకుని గోడ పక్కన ఒంటరిగా నిలబడేవాడు. వెనక నుంచి పిలిస్తే తిరిగి చూసేవాడు కాదు. నాతో మాట్లాడాల్సి వస్తే నా కళ్లలోకి కాక నా నోటి వైపు చూసేవాడు. అది నాకు మరీ ఇబ్బందిగా ఉండేది. అక్కా ఆయనా వాషింగ్ మెషిన్ దగ్గర నిలబడి ఏదో మాట్లాడుకుంటూ ఉండేవారు. నేను మెట్లు దిగి వస్తే మాట ఆగిపోయేది. అక్క వెంటనే, చలి బాగా పెరిగింది కదా అనేది. మిషిగన్‌లో చలి గురించి కొత్తగా చెప్పుకోవడానికి ఏముంటుంది?

కుమ్మరి అమ్మాయి వేషం వేసిన పిల్ల ఇక్కడే పుట్టింది, కాలేజీ చదువుతోంది. తెలుగు చదవడం రాదు. పద్యాలన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని, విని నేర్చుకుంది. రిహార్సల్ అయ్యాక నేనే ఇంటి దగ్గర దింపేదాన్ని. ఒకరోజు కార్‌లో సీట్‌బెల్ట్ పెట్టుకుంటూ మామూలుగా అడిగింది.

"ఆంటీ, షోకి మనం ట్రాక్ యూజ్ చేస్తున్నామా?"

లేదే, ఎవరు చెప్పారు అన్నాను.

"ఐ డోంట్ నో. డైరెక్టర్ ఆంటీ ల్యాప్‌టాప్‌లో మీ హార్మోనియం ప్లే అయింది. సౌండ్ చేసే అంకుల్‌తో ఫోన్‌లో మాట్లాడుతోంది. కోర్ట్ సీన్‌లో ఒక వియర్డ్ లూప్ ఉంది కదా, మీ కీ స్టక్ అయిన రోజు? అది కూడా ఉంది."

సిగ్నల్ దగ్గర ఆగి, పచ్చ లైటు పడ్డా కదల్లేదు. వెనకవాడు హారన్ కొట్టాక కదిలాను.

నన్ను తీసేస్తున్నారన్నమాట. పోనీ, తీసేస్తే తీసేశారు. నా వాయిద్యాన్నే, అదీ మెట్టు పట్టేసిన రోజుది, దొంగచాటుగా వాడుకోవడం ఏమిటి? మావారితో అందామనుకున్నాను. అంటే, నీకెందుకీ తలనొప్పి, మానేయ్ అంటారు. మానేయడం నాకిష్టం లేదు. ఆ వారమంతా ఆఫీస్ మీటింగుల్లో కూర్చుని ఆ ఒక్క విషయమే తిప్పి తిప్పి ఆలోచించాను. చివరికి నాకు చేతనైన పనే చేశాను. ఒక టెస్ట్ పెట్టాను.

ఆ శనివారం సభ సీన్‌కు ముందు వచ్చే స్వరాన్ని మామూలు కంటే ఒక ఆవృత్తం, అంటే తాళం ఒక చుట్టు, ఎక్కువ వాయించాను. వింటున్న గాయకుడెవరైనా ఆగి, నేను ఇచ్చినప్పుడే అందుకుంటాడు. రాజుగారు జేబు తడుముకుని, పాత లెక్క ప్రకారం ఎత్తుకున్నాడు. అప్పుడు నేను తిత్తి వదిలేసి, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకున్నాను.

ఆయన ఆగలేదు. సభ వైపు చూస్తూ, వాయిద్యమే లేని పద్యాన్ని నిండుగా, ఎక్కడా శ్రుతి తప్పకుండా పాడాడు. నడిమధ్యలో ఆ పాత చోట ఆగి, మెట్టు లేవడానికి నాకు ఎంతసేపు పట్టిందో అంతసేపూ ఊరుకుని, మళ్లీ అందుకున్నాడు. కుమ్మరి అమ్మాయి ఒకసారి ఆయన్నీ ఒకసారి నన్నూ చూసింది. అక్క మాత్రం టీ కప్పులోకి చూస్తూ కూర్చుంది. పద్యం ముగించి ఆయన నా వైపు తిరిగాడు. ఒళ్లో ఉన్న నా చేతులు చూశాడు. ఆయన మొహం వాడిపోయింది.

రిహార్సల్ తొందరగా ముగిసింది. నేను బయటికి వచ్చి కారు అద్దం మీద మంచు గీకుతుంటే ఆయన వెనకే వచ్చాడు.

"మీకు తెలిసిపోయింది కదా," అన్నాడు.

నేను వెనక్కి తిరక్కుండానే, నా వాయిద్యం మీకు అక్కర్లేదని తెలిసింది అన్నాను.

"జర ఇటు తిరిగి చెప్పరా? నాకు సమజ్ కాలేదు."

తిరిగాను. ఆయన టోపీ తీసి, చెవి మీది జుట్టు పక్కకు జరిపాడు. చెవి వెనక గోరంత యంత్రం. రెండో వైపు కూడా ఉంది.

"హార్మోనియం నాకు వినిపిస్తలేదండి," అన్నాడు. "దగ్గర కూసున్నా ఏదో గుయ్యిమంటది, ఏ స్వరమో తెలుస్తలేదు. ఫోన్‌ల ఉన్నదైతే సీదా చెవులకే వస్తది. అందుకే దానికే పాడుతున్న."

"అంటే నేను ఎప్పుడో వాయించినదానికా?"

"అవును. మీరు ఆగిన కాడ నేను ఆగుతున్న. తప్పని నాకు తెలుసు. కానీ నా చెవుల మీరు ఇంకా అక్కడ ఆగుతనే ఉన్నరు."

ఎప్పటి నుంచి అని అడిగాను. ఏడాదిగా వినికిడి తగ్గుతూ వస్తోందట. ఇంకా తగ్గుతుందని డాక్టర్ చెప్పాడట. మా నాటకం మొదలయ్యేటప్పటికి కొంత ఉండేదట, శీతాకాలం వచ్చేసరికి అదీ పోయిందట. మరి ఎవరికీ ఎందుకు చెప్పలేదు అన్నాను.

"నా జాబే వినుడు. గ్రీన్ కార్డ్ ఇంక పెండింగ్‌ల ఉంది. తెలిస్తే లే ఆఫ్ చేస్తరేమోనని భయం. మీ సారు మా కంపెనీలనే కదా. అందుకే మీకు చెప్పొద్దని అక్కకు నేనే చెప్పిన."

అంటే అక్కకు తెలుసు. ఆయన మీది కోపం అక్కడే మంచులో కరిగిపోయింది కానీ, అక్క మీద కొత్తది పుట్టింది. గీకుతున్న బ్రష్ కారు మీదే వదిలేసి లోపలికి వెళ్లాను. అక్క సింక్ దగ్గర కప్పులు కడుగుతోంది. నేను అడగకముందే అంతా చెప్పేసింది. షో రోజున హార్మోనియాన్ని తెర పక్కకు మార్చి, నన్ను అక్కడ కూర్చోబెట్టి, నా మైకు ఆపేసి, హాల్లో ఆ రికార్డునే వినిపించాలనుకుందట. ఆయనకూ అదే, జనానికీ అదే. రెండూ కలిసిపోతాయి. నేను అనుమానించినదాని కంటే ఇది ఇంకా ఎక్కువ. నేను రెండు గంటల సేపు వాయిస్తూ ఉంటాను, అది ఎవరికీ వినబడదు, ఆ సంగతి నాకూ తెలియదు.

నా మీద అంత నమ్మకం లేదా అక్కా అన్నాను.

"నువ్వు ఎవరికీ చెప్పవమ్మా, అది నాకు తెలుసు," అంది అక్క, చేతులు తుడుచుకుంటూ. "కానీ నీ మొహంలో ఏదీ దాగదు. మీ ఆయన ఒక్కసారి ఏమైంది అని అడిగితే చాలు."

అది నిజమే కావచ్చు. కానీ నిజం కాబట్టి క్షమించాలనిపించలేదు. నేను లైవ్‌గా వాయిస్తేనే వాయిస్తాను, లేకపోతే హార్మోనియం ఇంటికి తీసుకుపోతాను అన్నాను. మరి ఆయన ఎలా పాడతాడు అంది అక్క. ఒక వారం టైమ్ ఇవ్వు అన్నాను.

నిజానికి దానికి వారం కూడా పట్టలేదు. ఆ చెవి యంత్రాలకు ఫోన్ దాచిపెట్టిన పాట పంపగలిగితే, అప్పటికప్పుడు విన్నది కూడా పంపగలగాలి కదా. వెతికితే ఆ సదుపాయం ఆయన ఫోన్‌లోనే ఉంది. ఫోన్‌ను వాయిద్యం దగ్గర పెడితే అదే మైకులా పని చేసి, ఆ చప్పుడు చెవులకు చేరవేస్తుంది. ఇంట్లో టీవీ చూడటానికి ఆయన దాన్ని వాడాడు కూడా. నాటకానికి వాడొచ్చని ఆయనకూ అక్కకూ తట్టలేదు. అందరి బుర్రా దాచడం మీదే ఉంది మరి.

ఆదివారం హార్మోనియం కార్‌లో వేసుకుని రాజుగారింటికి వెళ్లాను. ఆయన భార్య వంటింటి గుమ్మంలో నిలబడి, లోపలికి రమ్మనలేదు, వద్దనలేదు. నేను ఏం చేయడానికి వచ్చానో ఆవిడకు నమ్మకం కుదిరినట్టు లేదు. ఫోన్‌ను హార్మోనియం మీద పెట్టి షడ్జమం పట్టాను. రాజుగారు ఫోన్ వైపూ నా వేళ్ల వైపూ మార్చి మార్చి చూశాడు.

"గిది గిప్పుడు వాయిస్తున్నరా? రికార్డు కాదా?" అన్నాడు.

ఇప్పుడే అన్నాను. ఆయన నమ్మలేదు. లేచి గది మూలకు వెళ్లి, నాకు వీపు పెట్టి నిలబడి, మీ ఇష్టమొచ్చిన మెట్టు నొక్కండి అన్నాడు. నేను నొక్కాను, ఆయన స్వరం పేరు చెప్పాడు. ఇంకోటి నొక్కాను, అదీ చెప్పాడు. వరుస తప్పించి, పైనొకటి కిందొకటి నొక్కినా చెప్పాడు. అప్పుడుగానీ ఇటు తిరగలేదు. ఆయన భార్య లోపలికి వెళ్లి కాఫీ కలుపుకొచ్చింది.

అయినా నా అనుమానం పూర్తిగా పోలేదు. తర్వాతి శనివారం నుంచి రిహార్సల్‌కు వెళ్లగానే సౌండ్ వైర్లు ఎటు పోతున్నాయో చూసుకునేదాన్ని. అక్క ల్యాప్‌టాప్ తెరిస్తే ఏదో వంకతో అటు నడిచేదాన్ని. అక్క అది గమనించేది. ఇంట్లో ఇంకో బాధ. మావారు భోజనం దగ్గర, మీ రాజు ఫోన్ చేస్తే ఎత్తడేం, ఎప్పుడూ మెసేజ్‌లే పెడతాడు అన్నారు ఒకసారి. నాకు తెలియదు అని పప్పు వడ్డించాను. ఆయన నా మొహం వైపు కాస్త ఎక్కువసేపు చూసినట్టనిపించింది.

వసంతంలో ఒక స్కూల్ ఆడిటోరియంలో మధ్యాహ్నం పూట నాటకం వేశాం. హాలు దాదాపు నిండింది. వేదిక పక్కనే, అందరికీ కనబడేలా కూర్చున్నాను. హాల్లో పలికేది నా మైకేనని ముందే రెండుసార్లు చూసుకున్నాను. మొదటి సగం హాయిగా నడిచింది. సభ సీన్‌లో రాజుగారు నాతో కలిసి పాడాడు. ఆ పాత చోటు ఇద్దరం ఆగకుండా దాటేశాం. దాటాక ఆయన నా వైపు ఒక చూపు చూసి, మళ్లీ రాజైపోయాడు.

రెండో సగంలో రాజు కుండలు కాల్చే ఆవం దగ్గరికి వస్తాడు. ఆవాన్ని వేదిక అటు చివర, నాకు దూరంగా పెట్టారు. రిహార్సల్లో దూరం సరిపోయింది. ఆ రోజు హాల్లో ఉన్న అన్ని ఫోన్ల వల్లో, మరి దేనివల్లో, హార్మోనియం మీది ఫోన్ నుంచి ఆయన చెవులకు వచ్చే చప్పుడు మధ్యలో తెగిపోయింది. నాకు ఎలా తెలిసిందంటే, ఆయన చేయి పాత అలవాటుగా, ఫోన్ లేని జేబు దగ్గరికి వెళ్లి అక్కడే ఉండిపోయింది. నేను ఎత్తుగడ ఇచ్చాను. ఆయన అందుకోలేదు. మళ్లీ ఇచ్చాను. కుమ్మరి అమ్మాయి ఆయన మొహంలోకి చూస్తోంది. ఆ పిల్లకు అసలు సంగతి ఇంకా తెలియదు.

అప్పుడు ఆయన కళ్లు మూసుకుని జ్ఞాపకంతో ఎత్తుకున్నాడు. పద్యం బాగుంది, భావం బాగుంది, కానీ అర మెట్టు కింద. నాలుగున్నర కాదు, నాలుగు. నేను అలాగే వాయిస్తే హాలంతా పళ్లు పులిసిపోతాయి. వేళ్లు ఎత్తి, ఒక్క క్షణం ఆయన ఎక్కడున్నాడో విన్నాను. విని, మొత్తం వాయిద్యాన్ని అక్కడికి దించాను. ఆయన మధ్యలో ఇంకాస్త జారాడు, తర్వాత లేచాడు. ఆయన ఎటు పోతే అటు పోయాను. అన్ని నెలల్లో నేను ఆయన వెనక నడిచింది అదొక్కసారే.

ఆ తర్వాత అమ్మాయి జవాబు పద్యం. తను విని నేర్చుకున్నదంతా పై శ్రుతిలో, ఆ నాలుగున్నరలోనే. తన షడ్జమాన్ని గట్టిగా నొక్కి పట్టాను. నా వైపు చురుగ్గా ఒక చూపు విసిరి, ఊపిరి తీసుకుని, సరిగ్గా అక్కడే అందుకుంది. ముందు వరసలో తొడ మీద తాళం వేస్తున్న ఒక పెద్దాయన చేయి ఆపి మా ఇద్దరినీ చూసి, మళ్లీ తాళం వేశాడు.

రాజు చివరి పద్యం అయిపోగానే వెనక నుంచి వన్స్ మోర్ అని కేకలొచ్చాయి. ఆయనకు వినబడలేదు. వాళ్ల వైపు కన్నెత్తి చూడకుండా ఆవంలోకి చూస్తూ నిలబడి, తర్వాతి పంక్తికి వెళ్లిపోయాడు. ఎంత దర్జా అని మెచ్చుకున్నారట జనం. షో అయ్యాక అక్క ఆయన చేతులు పట్టుకుని ఏడ్చింది. నా దగ్గరికి వచ్చి భుజం మీద చేయి వేసింది. నేను హార్మోనియం మూత పెట్టుకున్నాను.

ఇంటికి వచ్చే దారిలో మావారు కారు నడుపుతూ, "అతనికి వినబడదు కదా," అన్నారు.

నేను సీట్‌బెల్ట్ సర్దుకున్నాను.

"ఆఫీస్‌లో చాలా రోజులుగా చూస్తున్నా. మీటింగుల్లో మనుషుల పెదాలు చూస్తాడు."

మరి నాకెందుకు చెప్పలేదు అన్నాను.

"నువ్వు మీ నాటకం వాళ్లకు చెప్తావేమోనని," అన్నారు. "వేషం పోతుంది కదా పాపం."

కోపం రావాలో నవ్వు రావాలో తెలియక కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

విషయం తెలిశాక కుమ్మరి అమ్మాయికి మాత్రం బాగా కోపం వచ్చింది. చెప్తే నేను ఇంకో ప్లాన్ చేసేదాన్ని కదా ఆంటీ, యు ఆల్ జస్ట్ లెఫ్ట్ మీ దేర్ అంది.

ఎండాకాలంలో రాజుగారే స్వయంగా తన మేనేజర్ దగ్గరికి వెళ్లి చెప్పాడు. భయపడినట్టు ఏమీ జరగలేదు. ఉద్యోగం తీసేయలేదు. కార్లలో మైకులు పెట్టి, వాటి నుంచి వచ్చే గ్రాఫులు చూసి చప్పుళ్లు కనిపెట్టే జట్టులోకి మార్చారు. మొన్న వాళ్లింట్లో భోజనం చేస్తుంటే ఎలా ఉంది కొత్త పని అని అడిగాను. ఫోన్ నా కంచం పక్కన పెట్టి విన్నాడు.

"పనికేం, మంచిగనే ఉంది," అన్నాడు. "రోజంతా స్క్రీన్ ముందటనే. రోడ్డు మీదికి మాత్రం పంపుతలేరు."

ఇంకొంచెం అన్నం పెట్టించుకుని, తలదించుకుని తినడం మొదలుపెట్టాడు.